రెండు వందల పన్నెండు మెట్లు

మెర్సిన్ రేవులో ఏడో నంబరు క్రేన్ నాది.
పైన గాజుగది. కాళ్ల కిందా గాజే.
అక్కడ కూర్చుంటే
కంటైనర్లన్నీ ఎవరో పారబోసిన అగ్గిపెట్టెలు.
అన్నీ ఉన్నాయి ఆ గదిలో, రేడియో, ఫ్యాను, మెత్తటి కుర్చీ.
ఒక్కటి లేదు.
మగవాళ్లు సీసాలో కానిచ్చేస్తారు.
నేను నీళ్లు మానేశాను.

పదకొండేళ్లు.
పొద్దున చిన్న గ్లాసుడు టీ, మధ్యాహ్నం రెండు గుక్కలు.
జూలైలో గది పెనంలా కాలుతున్నా
పెదవులు తడుపుకోవడమే.
లోపల ఉప్పు మాత్రం
తన పని తాను చేసుకుపోయింది,
పొర మీద పొర, చడీచప్పుడు లేకుండా.

ఆ రాత్రి నలభై అడుగుల పెట్టె గాలిలో ఉండగా
ఎడమ డొక్కలో మొదలై గజ్జల్లోకి
ఎవరో తుప్పు పట్టిన గొలుసు లాగారు.
పెట్టెను లారీ మీద కూర్చోబెట్టాను,
కొక్కేలు విప్పాను,
అప్పుడు అరిచాను.
దిగుతూ ఒక్కో మెట్టూ లెక్కపెట్టాను.
అంతకు ముందు ఎన్నో నాకు తెలియదు.

మా తాత జెంషిద్‌కి రాయి తీసిన కాలంలో
పక్కటెముక నుంచి బొడ్డు దాకా కోశారు.
సముద్రంలో స్నానానికి దిగినప్పుడు
పిల్లలం ఆ గాటు మీద వేళ్లతో రైలు నడిపేవాళ్లం.
నాకు గుర్తున్న ఆపరేషన్ అదే.

డాక్టర్ ఇల్కాయ్ నాకంటే చిన్నవాడు.
చీటీ వెనక మూడు బొమ్మలు గీశాడు.
బయటి నుంచే తరంగాలతో కొట్టి పగలగొట్టడం ఒకటి,
కానీ నా రాయి గట్టిది, పైగా అడుగు అరలో నక్కింది,
పగిలినా ముక్కలు పైకెక్కి రావు.
వీపులో పెన్సిలంత రంధ్రం ఇంకొకటి,
అది ఇంతకంటే పెద్ద రాళ్లకి.
మూడోది: కోత లేదు,
నీళ్లు బయటికొచ్చే దారినే లోపలికి వెళ్లడం.
"ఏటికి ఎదురీదడమన్నమాట" అన్నాను.
"పద్నాలుగు మిల్లీమీటర్ల దాని కోసం" అన్నాడు.

నడుం కిందిది నాది కాకుండా పోయింది.
తెర మీద మాత్రం అంతా నాదే:
గులాబీ రంగు గుహలు, పారే నీళ్లు,
మూల మీద మురికి బెల్లం ముక్కలా అది.
పచ్చటి చుక్క దాని మీద వాలింది.
టకటకటక.
పిండి మరలో గాలి వీచినట్టు తెరంతా తెల్లబడింది.

తర్వాత బుట్ట వచ్చింది.
వెంట్రుకంత తీగలు నాలుగు, పువ్వులా విచ్చి, మూసుకునేవి.
ఒక ముక్క తప్పించుకుంది.
మళ్లీ తప్పించుకుంది.
నేను పీల్చినప్పుడల్లా కిడ్నీ కిందికి జారుతోంది,
అలకి ఓడ ఊగినట్టే.
ఉండబట్టలేకపోయాను.
"వెంటపడకండి డాక్టర్. అక్కడే ఆగండి.
అదే తిరిగొస్తుంది."
నర్సు పెరిహాన్ గుడ్లురిమింది.
అతను ఆగాడు.
ఓడని నేనే కదా,
ఊపిరి బిగబట్టాను.
తీగలు మూసుకున్నాయి.

తేలిగ్గా అయిందని చెప్పను.
పది రోజులు లోపల ఒక గొట్టం,
రెండు కొసలూ పందిపిల్ల తోకలా చుట్టుకుని.
మంట, ఎర్రటి నీళ్లు,
వెళ్లొచ్చిన నిమిషానికే మళ్లీ వెళ్లాలనిపించడం.
డాక్టర్ని తిట్టాను, అతనికీ తెలుసు.

చివరి చీటీలో మందు లేదు.
రోజుకి మూడు లీటర్లు, అంతే.
దాన్ని షిఫ్టు అధికారి తైఫూర్ బల్ల మీద పెట్టాను,
పక్కనే ముక్కలున్న బుడ్డి.
ఎత్తి ఆడించి చూశాడు.
"ఓడ ఒక గంట ఆగితే ఎంతో తెలుసా?" అన్నాడు.
తెలుసు.

ఇవాళ సీసా కొక్కేనికి తగిలించాను.
పదిన్నరకి ఖాళీ అయింది.
పెట్టె దించాను, బ్రేకు వేశాను.
"ఏడో నంబరు ఆగుతోంది."
రేడియోలో ఎవరో ఎందుకని అడిగారు.
చెప్పాను, ఉన్న మాట ఉన్నట్టు,
రేవంతా వినేలా.

నూట తొంభై, నూట తొంభై ఒకటి...
కింద ఓడ చూస్తోంది.
చూడనీ.